జాడ కంపెనీ సంపీసిన గంగులు

ఆ నవ్వు ఆపి నా మాటిను, ఉమాశంకర్ బాబూ. ఆదివారం పేపర్లో నువ్వు రాసిందంతా సదివించుకుని, కళింగపట్నంలో బస్సెక్కి వచ్చినాను. ఏటి రాసినావు? జాడ కంపెనీ వారం వారం పెరిగిపోతన్నాదని. ఫోన్లో నోటితో ఏటడిగినా ఎతికి సెప్పీస్తాదని. భోగాపురం ఇమానాల రోడ్డు పొడుగునా దాని బోర్డులేనని. "జాడకి తెలియనిది లేదు" అని పైన పెద్దచ్చరాలు! మరి ఈ తాయారు మొగుడు బతికున్నాడని దానికి తెలీదేటి?

కూకోమంటావా? కూకుంటాను. టీలూ గీలూ వద్దు.

మా గంగులు గుర్తున్నాడు కదా? వంశధార సముద్రంలో కలిసేకాడ పడవ బోల్తా పడితే, కాలేజీ గుంటల్ని ఒడ్డుకి లాక్కొచ్చినోడు. నువ్వే ఏసినావు పేపర్లో. బాగానే ఉన్నాది. తరవాత ఎక్కడో ఇంకో గంగులు, ఆడూ ఏటకెళ్లీవోడే, సముద్రంలో పోనాడు పాపం. ఈ జాడ ఏటి సేసినాది? ఇద్దర్నీ కలిపి ఒక్కణ్ణి సేసీసినాది! గంగులెవరూ అని అడిగితే సాలు, తేనె పూసిన గొంతుతో, "కళింగపట్నానికి చెందిన సాహస మత్స్యకారుడు. పలువురి ప్రాణాలు కాపాడారు. సముద్రంలో మరణించారు" అంటాది.

మరణించినోడు ఆ పూట ఇంటికాడ సేపల పులుసు తింటన్నాడు బాబూ! ఇంకో ముక్క ఎయ్యమంటన్నాడు!

ముందు వచ్చింది మా ఆడబిడ్డ కూర్మమ్మ. ఈశ్వరి, మా కూతురు గుంట, దాని పెళ్లిలో తనకి ముందు వడ్డించనేదని అలిగి, తమ్ముడితో మాటలు మానీసిన మనిషి. ఎవులో ఫోన్లో ఇనిపించినారట. ఆటో దిగడం దిగడమే, "ఓలమ్మో, నా తమ్ముడో" అని గుండెలు బాదుకుంటా వచ్చినాది. ఎదురుగా ఈడు వల బాగుసేసుకుంటా, "ఏటప్పా, ఎవులు పోనారు?" అన్నాడు. ఆవిడ ఏడుపాపీసి, సెప్పు తీసి నాలుగంటించినాది. "సచ్చిపోనావని నానేడస్తా వస్తే, బతికుంటావేట్రా ఎదవా!" అని. కొట్టినంతసేపు కొట్టి, ఆణ్ణే పట్టుకుని మళ్లీ ఏడిసినాది. ఆ రోజు నుంచీ ఇద్దరూ మాటాడుకుంటన్నారు. నాను కాదనను. జాడ పున్నెమా అని అదొక్కటీ జరిగినాది.

కానీ మా ఆడికి ఇదేదో రుసి మరిగినట్టయిపోనాది. పొద్దున్న లేస్తే ఫోనట్టుకోడం, "గంగులెవరు" అని అడగడం, అది పొగడడం, ఈడు కళ్లు తుడుసుకోడం! మార్పించు మావా అంటే, "ఎందుకే? బతికున్నోణ్ణి నువ్వొక్కసారైనా సాహసం అన్నావా?" అంటాడు.

అననేదు మరి.

నవ్వు, నవ్వు. నానూ నవ్వినాను, పోలాకిలో పెళ్లికెళ్లీదాకా. ఆడోళ్లందరికీ బొట్టెడతన్నారు. పసుపూ కుంకం పళ్లెం అట్టుకుని ఒక పిల్ల నా ముందుకొచ్చినాది. నాను మొకం ముందుకెట్టినాను కూడానా. ఎనకనుంచి ఎవులో ఏటో అన్నారు. ఆ పిల్ల సెయ్యి ఎనక్కి తీసుకుని, పక్కావిడికి ఎట్టీసి ఎలిపోనాది. "గంగులు పెళ్లాం కాదేటి? మొగుడు పోనాక కూడా గాజులూ బొట్టూ సూడు" అని గుసగుసలు.

మొగుడేమో అవతల పందిట్లో అప్పడం నంజుకుంటా అన్నం తింటన్నాడు! ఒక్క కేకేసి, "అల్లడిగో" అని సూపించొచ్చు. కానీ బాబూ, నా మొగుడు ఉన్నాడని నానొకలికి సూపించుకోవాలేటి? లేసి బయటికొచ్చీసినాను.

ఇంటికొచ్చి ఆడి సేతిలో ఫోను లాగీసి, జాడతోనే తేల్సుకున్నాను. "ఓలమ్మా, మా ఆయన బతికే ఉన్నాడు, మార్సు" అన్నాను. "నమ్మదగిన ఆధారం కావాలి" అన్నాది. ఆణ్ణే మాటాడమన్నాను. "నానే గంగుల్ని" అన్నాడు, మూలుక్కుంటా. "ఆ ఆధారం సరిపోదు" అన్నాది! పేపర్లో పడితే నమ్ముతాదట. అందుకే నీకు ఫోన్ సేయించినాను. నువ్వేటన్నావు? "మనిషి బతికుండడం వార్త కాదమ్మా" అన్నావు. పోతేనే ఏస్తావన్నమాట!

ఏటి, ఇప్పుడూ అదే మాటా? ఎడిటర్ ఒప్పుకోడా?

సరే. అయితే ఒకటి సెప్పీస్తాను, కోప్పడకు. బస్సులో ఊరికే కూకున్నాను కదా, జాడనింకో మాట అడిగినాను. "శ్రీకాకుళం విలేఖరి ఉమాశంకర్ ఎవరు?" అని. నీ గొప్పలన్నీ ఏకరువెట్టినాది. ఆఖర్న, "ఏదైనా పొరపాటుంటే తెలపండి" అన్నాది. తెలిపినాను. "పొద్దున్నే పోనాడమ్మా, పాపం" అన్నాను.

బతికించమంటే ఆధారాలడిగిన మనిషి, సంపమంటే ఒక్క ముక్క అడగనేదు బాబూ! "మీ సహకారానికి ధన్యవాదాలు" అన్నాది!

అల్లదిగో, నీ ఫోను. ఎవులు? మీ ఆవిడా? అనూరాధమ్మేనా?

ఎత్తు బాబూ, బేగెత్తు. ఏడస్తన్నాదేమో. బతికే ఉన్నానని సెప్పు. నమ్మకపోతే, రేపు మా ఆడిదీ నీదీ ఒకే వార్తలో ఏసీ.