కర్రవిల్లు మొనగాడు

మంగలి దుకాణం కుర్చీలో సగం మొహానికి నురగ పట్టించుకుని కూర్చుని కూడా వెల్డరు నోరు మూయడం లేదు. వెనక బెంచీ మీద కూర్చున్న అతని బామ్మర్దికి ఒళ్లు మండిపోతోంది. ఫోన్లో ఆడే వేటాటలో బామ్మర్దిది నలుగురి జట్టు. ఆదివారం పోటీ పెట్టుకుని ఒకడు మానేశాడు. వాడి చోట్లో బావని తీసుకోమని అక్క ఒకటే పోరు. బావేమో కొత్తరకం విల్లు ముట్టనంటాడు.

"ఒరేయ్ బామ్మర్దీ, కప్పీలూ, గురిచూసే అద్దాలూ ఉంటే అది విల్లట్రా? మిషను! వేటగాడన్నవాడు కర్రవిల్లే పడతాడు. మొన్నేమైందనుకున్నావు? ఎదురుగాలి, దూరంగా ఓ ముసలి జింక. ఊపిరి బిగబట్టి వదిలా. జింక ఫట్! బాణం ఆగిందా? ఆగితే నాదెలా అవుతుంది! వెనకున్న అడవిపందిని..."

"పందెక్కణ్ణుంచి ఊడిపడింది?" అన్నాడు మంగలి, కత్తి ఆపి.

"మధ్యలో అడ్డు రాకన్నా, తిక్క రేగుద్ది! పందిని పొడిచి, ఏరు దాటి, అవతల ఎలుగుబంటిని చెట్టుకి కుట్టేసి, ఆ చెట్టునీ చీల్చుకుని పోయింది. ఆ తర్వాత ఏమైందో తెలుసా? నా ఆటలో అడవి అయిపోయింది! చోటు చాలక ఎవడో పరాయి దేశంవాడి ఆటలో దూరి, వాడు పొద్దుట్నుంచీ పొంచి కూర్చున్న పులిని లేపేసింది. వాడు లబోదిబోమన్నాడు. ఆట తయారుచేసినవాళ్లు నాకు ఫోన్ చేసి, 'అయ్యా, తమరు కాస్త మెల్లగా లాగండి, అడవి చిరుగుతోంది' అన్నారు. 'చిరిగితే కుట్టుకోండి' అని పెట్టేశా. అలాంటి నన్ను మిషను పట్టుకోమంటావా? సిగ్గులేదూ?"

"చాల్లే బావా, ఆపు!" బామ్మర్ది దిగ్గున లేచాడు. "ఆదివారం అన్నీ దూరంనుంచి కొట్టాల్సినవే. నీ కర్రబాణం సగం దారిలో రాలిపోతుంది. ఓడితే జట్టువాళ్లు తిట్టేది నన్ను! ఇటివ్వు ఫోను, నేనే మారుస్తా."

"ముట్టుకున్నావంటే మర్యాద దక్కదు!" అని నురగ మొహంతోనే బావ లేవబోయాడు. ఈలోగా ఫోను బామ్మర్ది చేతికి చిక్కింది.

తెర మీద కర్రవిల్లు, పక్కనే కొత్త విల్లు. కొత్తదానికి తాళం బొమ్మ ఉంది. మంగలి వంగి, దానికింద ఉన్నది పైకి చదివాడు: "మొదటి జింకను కొట్టాక ఈ విల్లు తెరుచుకుంటుంది."

"పొద్దుట్నుంచీ అది వద్దని నన్ను నానా మాటలూ అన్నావు కదా బావా," అన్నాడు బామ్మర్ది, పళ్లు నూరుతూ. "అసలు నీకెవడిచ్చాడని?"

"నిలబడి చస్తేగా, ఆ దరిద్రపు జింకలు!" అని అరిచాడు బావ.