పదకొండో గడి

శివరాత్రి దాటిన నాలుగో రోజు, ఎండ ముదరక ముందు. పామేడుకు ఇవతల, ఎండిన వాగు ఇసుకలో రామనర్సయ్య గోల్ కర్రకు గుంత తవ్వుతున్నాడు. క్లబ్బుకు ఇప్పటి కెప్టెన్ వీరేందర్ జిల్లా పోటీల ఫారం కాగితం పట్టుకొని పక్కన నిలబడ్డాడు.

"మొత్తం చదివినవా?"

"చదివిన తాతా. గడ్డపార పక్కకు పెట్టి ఇను."

"చెవులతోని గద ఇనేది. చెప్పు."

"క్లబ్బు పేరు, చింతవాగు ఫుట్‌బాల్ క్లబ్. రాసిన. పెట్టింది పందొమ్మిది వందల డెబ్బై రెండుల. రాసిన. మైదానం ఖస్రా నంబర్."

"అదేంది?"

"ఈ జాగకు పట్టా నంబర్."

"వాగుకు పట్టా ఏంది? ఆరు నెలలు నీళ్ళది, ఆరు నెలలు మాది అని రాయి."

"అట్ల రాస్తే దఫ్తర్ల బాబు నవ్వుతడు."

"నవ్వనీ. ఏటేటా వాగు వచ్చి మైదానం ఎత్తుకపోతది, ఏటేటా మేం మల్ల చేసుకుంటం. ఈ కర్రకు ఏటికొక గాటు. నమ్మకుంటే వచ్చి లెక్కపెట్టుకొమ్మను."

"నేను లెక్కపెట్టిన. నాలుగు తక్కువ ఉన్నయి."

"ఆ నాలుగేండ్లు ఊరే లేదు. ఆట యాడికెల్లి వస్తది? తర్వాత ఏమున్నది?"

"ఏ జిల్లా అని."

"బీజాపూర్ అని రాయి, వానికి అదే కావాలె. నోటితోని మాత్రం ఇంకోటి చెప్పు. మా క్లబ్బు పుట్టిన్నాడు బీజాపూర్ జిల్లా లేదు, ఛత్తీస్‌గఢ్ లేదు, అవతలొడ్డున తెలంగాణ లేదు. తునికాకు కల్లం కాడ లెక్కలు రాసే మునిషి ఒక తోలు బంతి ఇచ్చిండు, ఆకు ఎండేదాక ఆడుకోండ్రని. ఆకు ఎండింది, లారీ వచ్చింది, మునిషి పోయిండు. బంతి మా కాడ ఉండిపోయింది. అప్పుడు నాకు పదిహేడేండ్లు. ఆ బంతి పలిగితే ఇంకోటి, అది పలిగితే ఇంకోటి. రాష్ట్రాల పేర్లు మారినయి. మేం ఇదే ఇసుకల ఆడినం."

"ఇదంత రాయనీకి గడి లేదు తాతా. ఆటగాళ్ళకు ఉన్నయి గళ్ళు. పదకొండు."

"పది రాయి. పదకొండో కాడ గీత కొట్టు. ఊరు మల్ల నిలబడ్డ కాడికెల్లి అదే గద."

"పోయినేటిదాక కాగితం. ఈ ఏడు ఇదంత కంప్యూటర్‌ల ఎక్కియ్యాలె. పదకొండో గడి నింపకుంటే ముందటికి పోతలేదు. బాబును అడిగిన, ఏడుగురున్నా ఆట మొదలుపెట్టొచ్చు గద సార్ అని. ఆట వేరు, ఫారం వేరు, నియమ్ అంటే నియమ్ అన్నడు. ఇయ్యాల పన్నెండు దాకనే టైము."

"రానియ్యకపోతే రానియ్యకపోనీ."

"ఇంత పాత క్లబ్బు, పోటీలు జరుగుతుంటే గట్టు మీద కూసొని చూస్తదా?"

"గట్టు మీద ఎందుకు? ఈడనే ఆడుకుంటం. వాళ్ళనే రమ్మను. పోయినేడు చింతలనారోళ్ళు పదకొండు మంది వచ్చిన్రు. మనం పదిమందిమి. ఎవలు గెలిచిన్రు?"

"మనమే. రెండు, ఒకటి."

"మరి?"

"ఎట్ల గెలిచినమో నాకెరుక. ఎడమ దిక్కు ఎప్పుడూ ఖాళీనే. అటు బంతి పోతే నేనో, నాగార్జునో ఉరకాలె. ఆట అయినంక నాగార్జున వాంతి చేసుకున్నడు. నువ్వు గట్టు మీద చప్పట్లు కొడుతున్నవ్."

"కొట్టొద్దా?"

"కొట్టు. పదకొండోన్ని కూడా ఇయ్యి."

"నియమ్ అని నన్ను బెదిరియ్యకు. నియమాలు మస్తు చూసిన. ఇనుప గనుల కాడ బచేలికి ఆడబోయినప్పుడు ఏమైందో నీకు ఎవలన్న చెప్పిన్రా?"

"బూట్ల ముచ్చట. నువ్వే చెప్పినవ్."

"మల్ల ఇను. లారీ ఎక్కి, దిగి, నడిచి, రెండు రోజులకు పోయినం. రైల్వే వాళ్ళ టీం. రెఫరీ రామ్మూర్తి అని, విజయనగరం దిక్కాయన, మంచోడే. బూటు లేకుంటే ఆడనియ్యనన్నడు. కాలనీ అంత తిరిగితే ఆరు జతలు దొరికినయి. మేం పదకొండు మందిమి. ఒక్కొక్కడు ఒక్కొక్కటి ఏసుకున్నం. ఇదేందయ్యా అన్నడు రామ్మూర్తి. బూటు ఉండాలె అని ఉన్నది గద, ఎన్ని అని లేదు గద అన్న. ఆయన పుస్తకం తీసి చూసి, నవ్వి, విజిల్ ఊదిండు."

"గెలిచిన్రు."

"మూడు గోల్స్. మాకందరికి ఒక కాలు బరువు, ఒక కాలు తేలిక. కుంటుకుంట ఆడినం. ఎడమ బూటు సక్కగ పనికొచ్చింది లక్మాకు ఒక్కనికే. ఇరవై ఏండ్లోడు, కొత్తగ వచ్చిండు, ఎడమ దిక్కు ఆడేటోడు. మూడూ వాడే కొట్టిండు."

"అంటే నియమ్ వచ్చినప్పుడల్లా తోవ చేసినవ్. ఇప్పుడు కూడా చెయ్యి."

"లక్మా పేరు రాయి. అదే తోవ."

"ఆధార్ అడుగుతది. ఫొటో అడుగుతది. పోయినోని ఫొటో యాడికెల్లి..."

"ఏమన్నవ్?"

"ఏమనలే."

"పోయినోడు అన్నవ్. నువ్వు చూసినవా పోయింది?"

"నేను ఆరేండ్లోన్ని తాతా అప్పుడు. మా అమ్మ చెయ్యి పట్టుకొని వాగు దాటిన. నాకు నీళ్ళు తప్ప ఏం గుర్తు లేవు."

"నాకున్నది. గొడవలకు భయపడి ఊరు ఊరంత లేసి అవతలొడ్డుకు పోయిన్నాడు. నెత్తిన మూటలు, ముందట గొడ్లు, నడుముల దాక నీళ్ళు. లక్మా నా పక్కనే ఉన్నడు."

"గోల్ కర్రలు ఉండిపోయినయి, నేను దాచి వస్త, మీరు పోండ్రి అన్నడు. మాకందరికి ఎరుకే."

"మీకు నేను చెప్పింది ఎరుక."

"అంటే?"

"ఆయన అనలే. నేనన్న. నువ్వు ఉరుకుతవు గద లక్మా, తిరిగి పోయి కర్రలు దాచి రా అని నేనే అన్న. మారు మాట్లాడకుండ పోయిండు. నాలుగేండ్లకు మనం తిరిగి వస్తే కర్రలు ఆయన దొడ్ల ఉన్నయి. వరిగడ్డి చుట్టి, తాడు కట్టి, చెదలు తగలకుండ రాళ్ళ మీద పెట్టి. మనిషి లేడు."

"ఇన్నేండ్లు చెప్పకపోతివి."

"ఆయన పెండ్లాం దేవేకు ముఖం ఎట్ల చూపెట్టాలె? ఎడమ దిక్కు ఇంకోన్ని నిలబెడితే లక్మా సచ్చినట్టు. సచ్చినట్టయితే, నేను చంపినట్టు. అందుకే పదిమంది. ఇగ అడగకు."

"అడగక తప్పదు తాతా. కోపానికి రాకు. వంతెన పనికి వచ్చిన పిలగాడు, మంగు..."

"వద్దు."

"చూడకుండ వద్దంటవేంది? అగో, సిమెంటు బస్తాల అవతల తన్నుతున్నడు. చూడు."

"చూసిన. పది రోజుల సంది చూస్తున్న."

"మరి చెప్పవేంది? ఎట్లున్నది ఆట?"

"బంతి తన్నే ముందు ఎడమ పాదం కుడి పిక్కకు రాసుకుంటడు."

"ఇసుక దులుపుకుంటడు."

"మీల ఎవలన్న అట్ల చేస్తరా?"

"లేదు. ఎవలు నేర్పిన్రు అని అడిగిన. ఇంట్ల నేర్చుకున్ననన్నడు."

"యాడోడు?"

"అవతలొడ్డు. చర్ల దిక్కు, మిరప తోటల కాడ ఉంటరంట. పందొమ్మిదేండ్లు. ఇక్కడ పనిచేసేటోడు ఇక్కడ ఆడొచ్చని నియమ్ ఉన్నది. ఆధార్ నంబర్ నోటికి చెప్పిండు. ఒక్కటే చిక్కు, అయ్య పేరు అడిగితే చెప్తలేడు. ఫారంల అది కావాలె."

"అయ్య పేరు చెప్పనోన్ని తెచ్చి లక్మా జాగల నిలబెడతవా?"

"దేవే పెద్దమ్మను అడిగి నిలబెడత. నువ్వు అడగవు, నేనడుగుత."

"ఆమె జోలికి పోకు. ఆమె పడ్డది చాలు."

"అగో, వస్తనే ఉన్నది."

"కాగితం జేబుల పెట్టు. పెట్టు."

లక్మా భార్య దేవే వాగు గట్టు దిగి వచ్చింది. నెత్తిన అంబలి కుండ.

"ఏంది నర్సయ్యన్నా, నన్ను చూడంగనే కాగితం దాస్తుండ్రు?"

"ఏం లేదు దేవే. ఆటది."

"ఆటదైతే దాసుడెందుకు? నాకు చదువు రాదు, గళ్ళు లెక్కపెట్ట వస్తది."

"పెద్దమ్మా, పదకొండు గళ్ళున్నయి. పది నింపినం."

"వీరేందరూ, ఊకో."

"చెప్పనీ అన్నా. పదకొండోది మా ఆయనది. అంతే గద?"

"ఆయనదే. నేనున్నన్ని రోజులు దాని మీద ఎవల చెయ్యి పడదు. దఫ్తరోడు కాదు, ఢిల్లీ నుంచి వచ్చినా పడదు."

"ఎవల కోసం ఉంచినవ్ ఆ ఖాళీ?"

"ఎవల కోసమేంది? నీ కోసం."

"నన్ను అడిగినవా?"

"అడిగేదేమున్నది దేవే..."

"ఇరవై ఏండ్లు. ఆట మొదలయ్యే ముందు పది పేర్లు పిలుస్తరు. పదకొండోది లక్మా అని పిలుస్తరు. పదిమంది కలిసి 'ఉన్నడు' అంటరు. ఊరంత తిరిగి నా దిక్కు చూస్తది. గాజులు ఏసుకుంటే చూస్తరు, తీస్తే చూస్తరు. నా బిడ్డ పెండ్లికి తండ్రి జాగల నిన్ను కూసోమన్న. పీట ఖాళీ ఉంచి, పక్కకు నిలబడ్డవ్. పెండ్లి అయిందాక నిలబడే ఉన్నవ్."

"మర్యాద కోసం నిలబడ్డ."

"మర్యాదనే. కాదంటలేను. పదిమంది గెలిచి వస్తే నాకు కూడా గర్వమే ఉండె. ఇంటికి పోయి తలుపేసుకొని నవ్వుకునేదాన్ని. మూడేండ్ల కిందటి దాక."

"మూడేండ్ల కింద ఏమైంది పెద్దమ్మా?"

"మిరప ఏరుడుకు పోయిన. చర్ల అవతల."

"అవు, జొరమొచ్చి నడిమిట్ల తిరిగొచ్చినవ్. నేనే గోలీలు తెచ్చిచ్చిన."

"జొరం రాలే అన్నా."

"మరి ఎందుకు తిరిగొచ్చినవ్?"

"అంబలి తాగు ముందు. పొద్దుగాల సంది తవ్వుతున్నవ్."

"తాగుత. ముందు నేనొకటి చెప్పాలె దేవే. ఇయ్యాల చెప్పకుంటే ఇగ చెప్పలేను. ఆ రోజు లక్మా తనంతట తాను తిరిగి పోలే. నేనే పంపిన."

"ఎరుకే."

"ఎవలు చెప్పిన్రు?"

"ఒకలు చెప్పాల్నా? నీళ్ళల్ల నీ వెనకనే ఉన్న, పిల్లను నెత్తి మీద పెట్టుకొని. ఇన్న. పొమ్మన్నవ్, పోయిండు. మల్ల రాకు అని నువ్వు అనలే గద."

"అంటే? దేవే, అంటే ఏంది?"

"వీరేందరూ, ఆ పిలగాని పేరు రాసినవా?"

"ఏ పిలగాడు?"

"కాలు పిక్కకు రాసుకునేటోడు."

"రాయలే. తాత వద్దంటున్నడు."

"అది తాత జాగ కాదు. మా ఆయనది కూడా కాదు. ఇరవై ఏండ్లు ఎడమ దిక్కు నిలబడ్డది నేను. ఎవలకియ్యాల్నో నేను చెప్త. రాయి."

"ఎవడో, ఏందో తెల్వకుండ ఎట్ల రాస్తడు దేవే?"

"పది రోజుల సంది చూస్తున్నవ్ అన్నా, గట్టు మీద కూసొని. నేను నిన్ను చూస్తున్న. నీకు తెల్వదా?"

"నాకేం తెల్వదు."

"నా ముఖం చూసి చెప్పు."

"గుంత పూడుతున్నది. తవ్వనియ్యి."

"తవ్వు. లోతుగ తవ్వు. కర్రలు గట్టిగ నిలబడాలె. నువ్వు రాయి బిడ్డా, పన్నెండు అయితది."

"రాస్తున్న పెద్దమ్మా. మంగు. వయసు పందొమ్మిది. ఆడే జాగ..."

"ఎడమ దిక్కు."

"ఎడమ దిక్కు. ఆధార్ నంబర్ రాసిన. తండ్రి పేరు. ఈడనే ఆగుతది. వానికి ఎన్నిసార్లు చెప్పినా నోరు ఇప్పుతలేడు."

"ఇప్పడు. నేను చెప్త. ఆ ఏడు మిరప తోటల ఆ అయ్యా కొడుకులను చూసే తిరిగొచ్చిన. తండ్రి పేరు కాడ లక్మా అని రాయి. తల్లి పేరు ఆ పిలగాన్నే అడుగు, నాకు తెల్వదు."