పదకొండోనాటి వాత

జారిందని రాయకండి సార్. ఆ కాయితం పక్కన పెట్టండి. నేను నోరిప్పకముందే నా వాంగ్మూలం సగం రాసీసారేటి? "పెనుగులాటలో కడ్డీ జారి తండ్రి చేతికి తగిలినది." ఎవరు సెప్పారండీ మీకిది? మా నాన్నేనా? బొబ్బిలి ఆస్పత్రి మంచం మీంచేనా?

మంచినీళ్లొద్దు. ఆడపిల్లనని మెత్తగా మాటాడొద్దు. వినండి, సాలు.

మా పెద్దమ్మ మీకు తెలీదు. నారాయణమ్మ. మా నాన్న జగన్నాధానికి సొంత వదిన. పిల్లల్లేరు. పెదనాన్న పోతా పోతా ఊరి సివర నలభై సెంట్ల జాగా ఆవిడ పేర పెట్టాడు. అందులో పాకేసుకుని ఉండీది.

మూడేళ్ల కిందట మా రోడ్డు మీద గొడ్ల లారీ తిరగబడిపోయింది. కొమ్ములూడినవి, కాళ్లిరిగినవి, ఒకదాని మీద ఒకటి. జనం ఫోన్లలో వీడియోలు తీస్తన్నారు. ఈవిడ ఆ నెత్తురులోకి మోకాళ్లదాకా దిగి, కింద నలిగిపోతన్న కోడెదూడని ఈడ్చుకొచ్చింది. విజయనగరం అవతల జంతువుల ఆశ్రమం ఉంది కదా, వాళ్లు బండేసుకొచ్చి మిగిలినవాటిని తీసుకుపోయారు. ఈ ఒక్కదాన్నీ ఆవిడ ఒగ్గలేదు. చినబాబని పేరెట్టుకుంది. పేరెట్టి పిలిస్తే గంజి తాగుతున్నోడు కూడా తలెత్తి సూసీవోడు.

నేను పోతే వీడి గతేటే హేమా, అని అడిగింది నన్ను. వీలునామా రాయమన్నది నేనే. లా సదువుతన్నాను కదా, తెలివి. జాగా, పాక ఆశ్రమానికి. వీడు బతికినన్నాళ్లూ వాళ్లే సూడాలి. ఆవిడ వేలిముద్ర, కింద సాక్షులం ఇద్దరం సంతకాలెట్టాం. ఒకరు మా బడి నారాయణమూర్తి మాస్టారు. ఆయన పోయినేడు పోయారు. ఇంక నేనే.

పెద్దమ్మ పోయిన మూడోనాడు ఈ సంగతి తెలిసింది మా నాన్నకి. అడ్డొచ్చిన మా అమ్మని గోడకేసి కొట్టాడు. నన్ను జుట్టట్టుకుని గుమ్మం దాకా ఈడ్చాడు. ఇదిగో, ఈ పన్ను అప్పుడు పోయిందే. అది రాసుకున్నారా? రాసుకోరు. ఇంట్లో తగిలిన దెబ్బకి ఇక్కడ కాయితం ఉండదు కదా.

తర్వాత ఆయన సల్లబడ్డాడు. అప్పుడే నేను భయపడాల్సింది.

పదకొండోనాడు పోయినోళ్ల పేర ఆబోతుని వాతలేసి వదిలీ ఆచారం ఉంది కదండీ. మా ఊళ్లో ఇరవయ్యేళ్లై ఎవరూ సెయ్యలేదు. ఈయన లేవదీసాడు. మా వదినకి గొడ్డంటే ప్రాణం, ఆవిడ పెంచిన కోడెనే ఆవిడ పేర వదిలేద్దాం, అదే ఆవిడ కోరిన దానం, ఇంక ఆశ్రమంతో పనేటి అని రచ్చలో సెప్పాడు. ఊరు తలూపింది. కాలేజీ డిబేట్లో ఎవడైనా ఇలాటి మాటంటే మూడు నిమిషాల్లో కూర్చోబెట్టీదాన్ని. అక్కడ బెల్లు కొట్టీవోడు ఒకడుంటాడు. ఇక్కడెవడున్నాడు?

కళ్లంలో పిడకల మంటేసారు. రెండు కడ్డీలు, ఒకటి త్రిశూలం, ఒకటి చక్రం. చినబాబా అని పిలిస్తే తోకాడించుకుంటా వచ్చాడు సార్. పిలిచింది మా నాన్నే.

కాళ్లు కట్టి పడగొట్టారు. ఒకడు మెడ మీద మోకాలేసాడు. కుడి తొడ మీద త్రిశూలం ఆన్చారు. ముందు వెంట్రుకల కంపు, తర్వాత మాంసం కంపు. కోడె ఉచ్చ పోసీసింది. నాలిక మట్టిలోకెళ్లిపోయింది. నాన్నా ఆపు అన్నాను. రెండుసార్లన్నాను.

నాకేసి తిరిగి నవ్వాడు.

"వినవే హేమా. నీ సంతకం అరుస్తన్నాది."

ఆ మాటన్నాక, రెండో పక్కకి తిప్పండ్రా అన్నాడు.

ఇప్పుడు ఆయన రాజీ అడుగుతన్నాడంటారు. కడ్డీ జారిందని తను సెప్తాడు. వీలునామా రాసిన రోజు పెద్దమ్మకి మతి లేదని నేను సెప్పాలి. రెండు అబద్ధాలు, ఒకళ్లకొకళ్లం. కేసు పోతాది, నా సదువు ఉంటాది, జాగా ఆయనకొస్తాది. మీరు నా మంచికే సెప్తన్నారు, తెలుసు. మీకూ నా ఈడు కూతురుంది కాబోలు.

కానీ సూడండి. రేపు కోర్టులో, మా పెద్దమ్మ తెలివిలోనే వేలిముద్రేసిందని సెప్పడానికి బతికున్నది నేనొక్కర్తినే. ఆయన ప్లీడరు ముందడిగీదేటి? నువ్వు పోలీసులకి అబద్ధం సెప్పలేదా అమ్మా అనే కదా. అప్పుడు నేనేటి సెప్పాలి? నా గురించి అబద్ధం సెప్పాను గానీ ఆవిడ గురించి నిజమే సెప్తన్నానంటే ఎవరు నమ్ముతారు?

అందుకే రాయండి. పెనుగులాట లేదు. కోడెని తిప్పడానికి అందరూ అటు వంగారు. నేనొక్కర్తినే మంట దగ్గరున్నాను. త్రిశూలం కడ్డీ కింద పడుంది. నల్లబడిపోయింది, సల్లారిపోయింది. దాంతోనే ఓ దెబ్బేసి ఊరుకోవచ్చు. ఊరుకోలేదు. తీసి మళ్లీ నిప్పుల్లో పెట్టాను.

మా నాన్న కోడె మీంచి లేవకుండానే, చక్రం అందీమని సెయ్యి ఎనక్కి సాపాడు. ఆ సెయ్యి నేలకి లాగి, మణికట్టు దగ్గర తొక్కిపట్టి, అరచెయ్యి మీద ఆన్చాను. నా పేరు పెట్టి అరిచాడు. తియ్యలేదు. మనుషులొచ్చి నన్ను లాగాల్సొచ్చింది.

ఏటి? ఆవేశంలో అని రాస్తారా? శిక్ష తగ్గుతాదా?

వద్దు సార్. కడ్డీ ఎర్రబడీదాకా ఆగాను. మధ్యలో ఒకసారి తీసి సూసాను కూడా. ఇంకా కాలలేదని మళ్లీ పెట్టాను.