హౌస్లీ గారిని ఉక్కుమనిషి అనవద్దు

1933 జనవరి తొమ్మిదో తేదీ సోమవారం ఉదయం ఏడున్నరకు, పద్నాలుగేళ్ల వయసులో, శ్రీ హొరేస్ హౌస్లీ గారు మన కత్తెరల కర్మాగారంలో తొలిసారి అడుగుపెట్టారు. 1984 జనవరి ఇరవై ఏడు, శుక్రవారం సాయంత్రం, యాభై ఒక్క సంవత్సరాల అవిచ్ఛిన్న సేవానంతరం పదవీ విరమణ చేస్తున్నారు. ఆయన ఈ వసంతం చూడరేమోనన్నదే నాకు అన్నిటికన్నా పెద్ద భయం. పసిపిల్ల తల్లిని, రోజుకు పది భయాలు నాకు కొత్త కాదు. ఇది మాత్రం తెల్లారి లేచాక కూడా తగ్గడం లేదు. అభినందన సంచికలో ఇలాంటి మాట ఉండకూడదని ఆఫీసులో మిస్ థార్ప్ గారు మెత్తగా చెప్పి చూశారు. పదిహేనేళ్లకే బడి మానేసినదాన్ని, వ్యాసమర్యాదలు నాకు అంతగా తెలియవు. తెలిసినంతవరకు పాటిస్తాను.

తొలి రెండేళ్లు హౌస్లీ గారి ఉద్యోగం అరవై మందికి టీ కాచడం, నేల ఊడ్వడం. ఆ తరవాత సెత్ మార్ల్స్ అనే వృద్ధ నిపుణుని పక్కన స్టూలు వేసుకుని, కత్తెర రెక్కలు జతపరిచే విద్య అభ్యసించారు. చూసేవారికి అది ఒక స్క్రూ బిగించడంలాగే ఉంటుంది. కాని సానబట్టి వచ్చిన ఏ రెండు రెక్కలూ వాటంతటవి సరిపడవు. దాగలి మీద పెట్టి, సుత్తితో వెంట్రుకవాసి వంచి, మూసేటప్పుడు అవి మొదలు నుంచి మొన దాకా ఎప్పటికప్పుడు ఒక్క చోటే తాకేలా చేయాలి. చివరికి తడిపిన పట్టుగుడ్డను మొనతో కత్తిరించి చూస్తారు. ఒక్క పోగు లాగినా మళ్లీ మొదటికి రావలసిందే.

యుద్ధకాలంలో ఆయనను సైన్యంలోకి తీసుకోలేదు. శస్త్రచికిత్స కత్తెరలు కావాలని ఇక్కడే కూర్చోబెట్టారు. ఊరిమీద బాంబులు పడిన ఆ డిసెంబరులో, కిటికీలకు అద్దాలు మిగలని గదిలో, కోటు విప్పకుండా పని చేశారట. అనంతరం దర్జీలకు, క్షురకులకు, మంత్రసానులకు చేశారు. ఈ ఊళ్లో ఎన్నో బొడ్డుతాళ్లు కోసినవీ, ఎన్నో పెళ్లిగౌన్లకూ, శవపేటికల లోపలి గుడ్డలకూ వాడినవీ ఆయన చేతి మీదుగా వెళ్లిన కత్తెరలే. అరవై స్టూళ్లున్న ఆ గదిలో నేను ప్యాకింగుకు వచ్చేనాటికి ఐదు మిగిలాయి. ఇప్పుడు రెండు. హౌస్లీ గారు వెళ్లాక, రెండో స్టూలు మీది పెర్సీ గారిని కింది అంతస్తుకు పంపి, గదికి తాళం వేస్తారని విన్నాను.

మన షెఫీల్డులో ఉక్కు తగలకుండా పూట గడవదు. టీ కలిపే చెంచా, అల్లిక సూది, పిల్లల బండి కింది స్ప్రింగు, మా అత్తగారి తుంటిలో వేసిన కీలు, అన్నీ అదే. వస్తువులతో చాలక మాటల్లోకీ తెచ్చుకున్నాం. మొండివాడు ఉక్కుపిండం, జాలి లేనివాడిది ఉక్కుగుండె, సర్కారుది ఉక్కుపాదం, జడవనివాడివి ఉక్కునరాలు. 1981 నవంబరులో హౌస్లీ గారి సతీమణి మేబుల్ గారు మూడు వారాల జబ్బుతో కన్నుమూశారు. వారికి సంతానం లేదు. శుక్రవారం అంత్యక్రియలు జరిగాయి, సోమవారం ఏడున్నరకు ఆయన తన స్టూలు మీద ఉన్నారు. ఉక్కుమనిషి అన్నాం. ఫోర్‌మన్ అన్నారు, సానగది వాళ్లు అన్నారు, నేనూ అన్నాను. అనేసి ఎవరి పని వాళ్లం చూసుకున్నాం.

కిందటి మే నెలలో మా నాలుగు నెలల పాపను అందరికీ చూపించడానికి తీసుకువచ్చాను. పాప బుగ్గల మీది గీతలు చూసి హౌస్లీ గారు, “ఏమ్మాయ్, పిల్లా పిల్లీ కొట్టుకున్నాయా?” అన్నారు. దాని గోళ్లే దాన్ని గీరుతున్నాయనీ, కత్తిరించాలంటే భయమేసి, పళ్లతో కొరికి తీస్తున్నాననీ చెప్పాను.

పెర్సీ గారు పగలబడి నవ్వారు. “కత్తెరల కార్ఖానాలో జీతం తింటూ పళ్లతో కొరికేదాన్ని నిన్నే చూశానే జానిస్.”

హౌస్లీ గారు నవ్వలేదు. మూడు మధ్యాహ్నాలు భోజన విరామంలో కూర్చుని, విరిగిపోయిన ఒక కుట్టుకత్తెరను సాన పట్టి, మొనలు బఠాణీగింజలా గుండ్రంగా ఉన్న వేలెడంత కత్తెర చేసి ఇచ్చారు. పాప పాలు తాగి మత్తులో ఉన్నప్పుడు ఒక్కొక్క వేలూ ఎలా పట్టుకోవాలో తన వేలి మీదే చూపించారు. ఆ సంతోషంలో, మీరు నిజంగా ఉక్కుమనిషి అనేశాను.

“ఉక్కు సంగతి నీకేం తెలుసు తల్లీ,” అన్నారు, చేతిలో పని ఆపకుండానే. “స్ప్రింగును రోజూ కాస్త వంచుతూ ఉండు. ఏమీ అనదు. పదేళ్లు ఏమీ అనదు. ఒకరోజు టప్పున పోతుంది. ముందురోజు ఎంత చూసినా నీకు గీత కనపడదు.” ఇంకో రెక్క అందుకుని, “నన్ను ఉక్కు అనేశారు. ఇంక పలకరించే పని లేదుగా ఎవరికీ,” అన్నారు. నిష్ఠూరంగా అనలేదు. వాన వచ్చేట్టుంది అన్నట్టు అన్నారు.

క్రిస్మసుకు కర్మాగారం పది రోజులు మూశారు. మూశారని తెలిసీ, బస్సులు నడిచిన ప్రతి రోజూ ఆయన ఏడున్నరకు గేటు దగ్గరికి వచ్చి మంచులో నిలబడ్డారని కాపలాదారు క్లెమ్ గారు నాతో చెప్పారు. ఇంటికి పొమ్మని కసిరితే, “నువ్వు గేటుకు కాపలా, నేను నీకు కాపలా,” అన్నారట.

ఆ మాట విన్నాక నాకు మనసు మనసులో లేదు. ఈ నెల ఎనిమిదిన, ఆదివారం, పాపను ఎత్తుకుని రెండు బస్సులు మారి వారింటికి వెళ్లాను. పొయ్యిలో నిప్పు లేదు. ఇంట్లోనే కోటు వేసుకుని ఉన్నారు. ఆ కోటు ఆయనదేనా అనిపించేంతగా మనిషి చిక్కిపోయారు. అతిథి మర్యాదకు రొట్టె తీసి, చేత్తో చింపి నాకు సగం ఇచ్చారు. రొట్టె కోసే కత్తి బల్ల మీదే ఉంది. తుప్పు పట్టి ఉంది.

ఈ ఊరివారికి ఇంతకంటే వివరించనక్కరలేదు. వీధి వీధంతా ఆదివారం మాంసం కోసే కత్తులు పట్టుకొచ్చి ఆయన చేత పదును పెట్టించుకునేవారు. నేను దాని వంక చూడటం ఆయన చూశారు.

“కోయడానికి ఏముందిలే అమ్మాయ్,” అన్నారు.

మర్నాడు ఈ సంగతి చెబితే, దేనికైనా నవ్వే పెర్సీ గారు చేతిలోని టీ కప్పు కింద పెట్టి కూర్చుండిపోయారు. ఆ గదిలోంచి ఈ నాలుగేళ్లలో విశ్రాంతి తీసుకున్నవారు ముగ్గురు. ఒకరు ఆరు వారాలు బతికారు, ఒకరు ఈస్టరు దాకా. మూడో ఆయన సముద్రతీరాన కూతురి దగ్గర క్షేమంగా ఉన్నారు. ఆయనకు కూతురుంది. హౌస్లీ గారికి యాజమాన్యం వారు సగౌరవంగా బహూకరిస్తున్నది ఆరుగురికి సరిపడే కత్తులూ ఫోర్కుల పెట్టె. చాలా నాణ్యమైన సరుకు, నేనే చుట్టాను. చుడుతూ ఏడ్చాను.

ఇదంతా అచ్చులో చూస్తే ఆయనకు కోపం వస్తుంది, బహుశా నాతో మాట్లాడటం మానేస్తారు. మానేసినా ఫరవాలేదు.

అర్ధశతాబ్దికి పైగా అసంఖ్యాకుల చేతులకు పనిముట్టు అందించిన శ్రీ హొరేస్ హౌస్లీ గారు ఆయురారోగ్యాలతో, మనశ్శాంతితో చిరకాలం వర్ధిల్లాలని మనసారా కోరుకుంటున్నాను. కోరుకోవడం వల్ల ఎవరైనా బతుకుతారన్న నమ్మకం నాకు లేదు. అందుకని ఒక విన్నపం. ఆదివారాలు నేను వెళతాను. బుధవారం పెర్సీ గారు ఒప్పుకున్నారు. మిగిలిన ఐదు రోజులు ఇంకా ఎవరివీ కావు. ఇల్లు ఆకర్ లేన్‌లో పదిహేడో నంబరు, ఎత్తు ఎక్కగానే ఎడమ వైపు. ఉదయం పదకొండు దాటినా పాలవాడు పెట్టిన సీసా గడప దగ్గరే కనిపిస్తే దయచేసి తలుపు కొట్టండి. లోపలి నుంచే బాగానే ఉన్నానంటారు. ఆ మాట విని వెనుదిరగకండి. తలుపు తీసేదాకా ఉండి, మనిషిని కళ్లారా చూసి వెళ్లండి.