కిరాయి బండ్లకు మాత్రమే

వరంగల్‌లో ఒక దవాఖాన గేటు ముందు, రోడ్డు మీద కొత్తగా గీసిన తెల్లగీతల డబ్బా, దానికో కొత్త బోర్డు. అందులో ఎనిమిది కరెంటు స్కూటర్లు, వాటి పక్కనే ఒక సర్వపిండి బండి, దాని ముందు లైనులో జనం. బండి రాజక్కది. ఎదురుగా నిలబడ్డది వార్డు ఆఫీసరు ఓంప్రకాశ్. బండిని ఎత్తుకపోవడానికి ఆయన వెంట ట్రాక్టరు వచ్చింది.

"తీస్త సార్, తీయనంటాన్ననా? పొయ్యి మీద గంజుల సర్వపిండి ఉన్నది. అది కాలనియ్యుండ్రి."

"తీస్త తీస్త అనవట్టి అర్ధగంటాయె రాజక్క. ట్రాక్టరు ఇంజను ఇంక బంద్ చెయ్యలే, చూస్తానవా?"

"అర్ధగంట మీరు తిన్నరు గద సార్. మొదటి ముక్కల కారం తక్కువైందంటిరి, రెండోది కుదిరిందంటిరి."

"తినుడు వేరు, డ్యూటీ వేరు."

"అవ్ సార్, కడుపు వేరు, డ్యూటీ వేరు. ఇంకో ముక్క ఎయ్యాల్నా?"

"వద్దు. చిన్నదెయ్యి. ఇగ విను. నీకు కార్డిచ్చినమా లేదా? అండ్ల ఏం రాసున్నది? సంచార ఆహార విక్రేత. సంచారం అంటే ఏంది?"

"తిరుగుడు."

"ఆఁ, తిరుగుడు. ఒక్కకాడ అర్ధగంట కన్న ఎక్కువ నిలవడొద్దు. రూలు."

"గంజుకు పిండి ఒత్తి, మూత పెట్టి, సన్నమంట మీద కాలెటాళ్లకే ఇరవై నిమిషాలు సార్. ఊడదీసెటాళ్లకు మీ అర్ధగంట ఒడుస్తది. ఒత్తుడు ఈడ, తినుడు హన్మకొండ చౌరస్తలనా?"

"అది నన్నడిగితె?"

"మీ ఆఫీసుకు మూడుసార్లొచ్చిన. ఒకాయన రెండో కిటికీకి పొమ్మన్నడు. రెండో కిటికీ ఆయన, నువ్వు తిరిగేదానివి గద, తిరుగు అని నవ్విండు. ఇగ మిమ్ములనే అడగాలె."

"వాని సంగతి ఇడువు. జాగ స్కూటర్లకు అలాట్ అయింది. జనం ఫోన్ల బుక్ చేస్తాండ్రు, ఎక్కి పోతాండ్రు, ఏడపడితె ఆడ ఇడిసిపెడ్తాండ్రు. కంప్లైంట్లు వచ్చినయ్. అందుకే వాటికో రూలు, మీకో రూలు. సిటీ అన్నంక ఒక పద్ధతుండాలె."

"పద్ధతి మంచిగనే ఉన్నది. తిరిగే స్కూటరుకు నిలవడుమని డబ్బా గీసిండ్రు. నిలవడి వండుకునేదాన్ని తిరుగుమని కార్డిచ్చిండ్రు. కార్డులు గిట్ల తారుమారైనయేమో, ఓసారి ఫైలు చూడరాదుండ్రి."

"ఎక్కువ మాట్లాడకు."

"తక్కువనే మాట్లాడ్తాన్న. వర్ధన్నపేటాయన ఒకాయన, మనుమనికి మందులు తేవాల్నని స్కూటర్ అడిగిండు. ఫోన్ల బుక్ చెయ్యాల్నన్నరు. ఆయన దగ్గర బటన్ల ఫోను. స్కూటర్‌ను జర ముట్టుకుంటే అది దొంగను పట్టినట్టు కూత పెట్టింది. పాపం, ముసలాయన చేతులెత్తి నిలవడ్డడు."

"టెక్నాలజీ. నేర్చుకోవాలె."

"మందుల షాపుదాంక నడిసే పోయిండు. సోమవారం సంది ఎనిమిదిట్ల ఒక్కటి కదల్లే. ఆ చివరిదాని కింద కుక్క ఈనింది, నాలుగు పిల్లలు. వాటికి గూడ అలాట్ అయిందా?"

"కుక్కల డిపార్ట్‌మెంటు వేరే."

"అట్లనా."

"పదకొండు గంటలకు ఈ డబ్బా ఫోటో పంపాలె నేను. ఫోటోల నీ బండి పడొద్దు. గంతే."

"ఫోటో జర అటుపక్కకెల్లి దింపుండ్రి."

"అటుకెల్లి దింపితె కుక్క పడ్తది."

"మల్ల గీతనే నాలుగు ఫీట్లు జరపుండ్రి. అటు జాగ ఉత్తగనే ఉన్నది. పద్నాలుగేండ్లసంది ఈడ్నే ఉన్న సార్. నీళ్ల నల్ల ఈడున్నది, గేటు ఈడున్నది. కేసముద్రం నుంచి అవ్వను తోల్కొచ్చిన పిలగాడు నాలుగొద్దులసంది ఈ గేటు కాడ్నే పంటాండు. లోపట ఆమెకు ఆక్సిజన్ పెట్టిండ్రు, వాడు గేటిడిసి పోడు, తినుడు నా బండికాడ్నే. రాజక్క ఏదంటే, సంచారం పోయింది, మల్లొస్తది అనాల్నా?"

"సెంటిమెంటు చెప్పకు. గీత జరపాల్నన్నా, బోర్డు మీద ఒక్కక్షరం మార్చాల్నన్నా కమిటీ కూసోవాలె, తీర్మానం కావాలె. మూడు నెలలకోసారి కూసుంటది. పోయిన వారమే కూసున్నది. నా చేతుల లేదు, మా పై సారు చేతుల గూడ లేదు."

"ఒక్కక్షరం గూడనా?"

"పొల్లు గూడ మారదు."

"మరి ట్రాక్టరు ఎక్కితె నా బండి మల్ల నాకు దొరుకుతదా? పండ్ల సమ్మమ్మ బండి పట్కపోతిరి. ఆమె మీ యార్డుకు పోయి చూస్తే, చక్రాలు ఒకకాడ, పలకలు ఒకకాడ. గిది నీదేనా గుర్తువట్టు అన్నరంట. ఆమె బతుకు గూడ అట్లనే ఊడింది, ఇప్పుడు బిడ్డ దగ్గర నర్సంపేటల ఉంటాంది."

"అందుకే చెప్తాన్న, నీ అంతట నువ్వు తియ్యి. బోర్డు పెట్టినం, సదువుకోవాలె. సదువుకోకుంటే మాది తప్పా? ఆ బోర్డు రాసిందెవలనుకున్నవ్? నేనే."

"మీరా సార్?"

"పైనుంచి ఇంగ్లీషుల వచ్చింది. షేర్డ్ అని, మొబిలిటీ అని. ఎవనికి సమజైతది? మన జనం మాటల రాస్త అని నేనే రాసిన. మీటింగుల చప్పట్లు కొట్టిండ్రు."

"కొడ్తరు మరి. మీ నోటితోని ఓసారి సదువుండ్రి సార్. కండ్లద్దాలు ఇంట్ల మర్సిన."

"'ఈ స్థలము కిరాయి బండ్లకు మాత్రమే. సొంత బండ్లు నిలిపినచో జప్తు చేయబడును.'"

"జర గట్టిగ సార్. లైన్ల నిలవడ్డోళ్లు గూడ ఇననీ."

"'ఈ స్థలము కిరాయి బండ్లకు మాత్రమే. సొంత బండ్లు నిలిపినచో జప్తు చేయబడును.' ఇన్నరా అందరు? దీంట్ల సమజ్‌గానిది ఏమన్న ఉన్నదా?"

"ఏం లేదు, మంచిగ సమజైంది. బండి అంటే ఏంది సార్?"

"బండంటే బండే. స్కూటర్."

"మరి నాదేంది?"

"నీది బం... నీది తోపుడు బండి."

"బండేనా?"

"బండే గనీ..."

"ఇది కిరాయిది సార్."

"ఏంది?"

"కిరాయి బండి. పోచమ్మమైదాన్ల బాబా మియా లేడా, తోపుడు బండ్లు కిరాయికిచ్చేటాయన? ఈ బండి ఆయనది. ఇగో కాయితం. సంతకమున్నది, ముద్రున్నది."

"మజాకా చేస్తానవా? ఈ బండిని నేను ఎప్పటిసంది చూస్తాన్న. మీ ఆయన బతికున్నప్పుడు ఆటోనగర్ల దగ్గరుండి చేయించిండు. ముందర 'రాజక్క సర్వపిండి' అని నీ పేరే రాసున్నది."

"పేరుదేమున్నది? ఆటో ఎనక 'అమ్మ దీవెన' అని రాసుంటది. ఆటో అమ్మదా? ఫైనాన్సోనిది."

"మాట మార్చకు. ఈ బండి నీదే."

"ఆఫీసుల కాయితం మాట్లాడాలె, నోరు కాదు అని మీరే అంటరు గద. కాయితం మాట్లాడ్తాంది, ఇనుండ్రి."

"ముద్రయితె ఉన్నది. కనీ... బండి అంటే మా ఉద్దేశం స్కూటర్ రాజక్క."

"మీ ఉద్దేశం బోర్డు మీద లేదు సార్. స్కూటర్ అన్న మాట ఏడున్నదో చూపియ్యుండ్రి. ఈ లైన్ల నిలవడ్డోళ్లందరు ఇన్నరు, రెండుసార్లు సదివిండ్రు."

"రేపే బోర్డు మారుస్త."

"పొల్లు గూడ మారదంటిరి."

"అది... అది అన్న."

"కమిటీ మల్ల ఎప్పుడు కూసుంటదంటిరి?"

"మూడు నెలలకు."

"అప్పటిదాంక ఈడ్నే ఉంట. ముక్క సల్లారుతాంది, తినుండ్రి."

"ఏయ్ డ్రైవర్, ఇంజను బంద్ చెయ్. కాదు కాదు, తోల్కపో. నేనెనక వస్త. ఇగ చూడు రాజక్క, నాకు నీమీద కోపం లేదు. రిపోర్టు రాసుకోవాలె, జర నిజం చెప్పు. ఈ బండి ఎప్పటిసంది కిరాయికున్నది?"

"మంగళారం సంది."

"బోర్డు పెట్టింది సోమవారం."

"అవ్ సార్."

"మరి మీ ఆయన చేయించిన బండేది? దాన్నేం చేసినవ్?"

"సొంతదైతె జప్తు చేస్తమని మీరే రాస్తిరి గద సార్. సోమవారం పొద్దుమూకి పోయి బాబా మియాకు అమ్మిన, తెల్లారి పోయి గదే బండిని కిరాయికి తెచ్చుకున్న."