ఆరూ తిరుగుతున్నాయి

నా పేరు గద్దల ఏసురత్నం. తండ్రి పేరు యాకోబు. వయసు నలభై ఏడు. రేకుల పని మేస్త్రీని. పుట్టింది బాపట్ల దగ్గర. పద్దెనిమిదేళ్ళుగా లింగంపల్లిలో రైల్వే గేటుకు అవతల కిరాయి ఇంట్లో ఉంటున్నాను. సంతకం చేయడం వచ్చు కానీ ఇవాళ చేయలేను. కారణం చివర చెబుతాను. 1998 ఆగస్టు 28, శుక్రవారం ఉదయం పదకొండు గంటలకు ఎస్.ఐ. గారి ముందు ఈ మాటలు చెబుతున్నాను.

నన్ను ఎవరూ పిలిపించలేదు. నేనే వచ్చాను. మా సైటు సూపర్‌వైజరు వెంకటరమణ గారు నిన్న మీకిచ్చిన కాగితంలో, ఊడ్చే పనిచేసే పోచమ్మ తన నిర్లక్ష్యం వల్లే చనిపోయిందని రాశారట. షట్టరు తానే దించుకుందని రాశారట. షట్టరు ఆమే దించుకుంది, అది నిజమే. ఎవరి మాట నమ్మి దించుకుందో ఆ కాగితంలో లేదు. అది చెప్పడానికి వచ్చాను.

రాయదుర్గం దారిలో కొత్తగా లేస్తున్న కంప్యూటరు ఆఫీసు వెనక పొడవాటి రేకుల షెడ్డు ఉంది. దాని కప్పు మీద ఆరు టర్బోలు బిగించే పని నాకు ఇచ్చారు. టర్బో అంటే ఏమిటని ఎస్.ఐ. గారు అడిగినందున చెబుతున్నాను. అది గుమ్మడికాయంత రేకుల బుట్ట. గాలి తగిలితే దానంతట అదే తిరుగుతుంది. తిరిగినప్పుడు కింది గదిలోని వేడి, పొగ లాగి బయట పారేస్తుంది. కరెంటు అక్కర్లేదు. బుట్ట కింద కప్పుకు కోసిన రంధ్రంలో గొట్టం ఉంటుంది. ఆ గొట్టమే దాని గొంతు. గొంతు మూసేసినా పైన బుట్ట తిరుగుతూనే ఉంటుంది. ఈ సంగతి నాకు తెలుసు. నాకు తెలిసినంతగా ఆ సైటులో ఇంకెవరికీ తెలియదు.

ఆగస్టు 10 నుంచి 12 వరకు మూడు రోజుల్లో ఆరూ బిగించాను. వానాకాలం కాబట్టి అంచులకు పూసిన తారు ఆరేవరకు గొంతులో గోనెసంచి కుక్కి, దాని మీద రేకు మూత పెడతాం. మూత ఉన్న టర్బోకి ఎర్రగుడ్డ కడతాను. మూత తీసిన రోజు గుడ్డ విప్పుతాను. గుడ్డ ఉంటే మూత ఉన్నట్టు, గుడ్డ లేకపోతే లేనట్టు. ఇది నేను మా మేస్త్రీ దగ్గర నేర్చుకున్న పద్ధతి. ఇరవై ఏళ్ళలో ఒక్కసారి కూడా తప్పలేదు.

13వ తేదీన నాలుగు మూతలు తీశాను. చివరి గదిమీది రెండు తీయలేదు, అక్కడ తారు ఇంకా పచ్చిగా ఉంది. ఆ గదికి కిటికీ లేదు, తలుపుకు బదులు ఇనుప షట్టరు ఒక్కటే. జనరేటరు, కార్పెట్ చుట్టలు అందులోనే పెట్టారు. జనరేటరు పొగ గొట్టం గోడ బయటికి ఇంకా వేయలేదు. టర్బోలున్నాయి కదా, పొగ పైకే పోతుందిలే అని వెంకటరమణ గారు అన్నారు. నేను కాదనలేదు.

14వ తేదీ సాయంత్రం అయిదింటికి ఆయన నన్ను పిలిచారు. తెల్లారితే జెండా వందనం, పెద్దవాళ్ళు వస్తారు, కప్పు మీద ఆ ఎర్రగుడ్డలేమిటి, యూనియన్ జెండాల్లాగా, వెంటనే పీకెయ్ అన్నారు. మూతలు ఇంకా ఉన్నాయని చెప్పాను. మూతలు కనబడవుగా, గుడ్డలు కనబడతాయి అన్నారు. నాకు ముక్కు మీద కోపం. ఆయనతో వాదించి ఏం లాభం, ఆదివారం వచ్చి మూతలు తీద్దాంలే అనుకుని పైకెక్కి రెండు గుడ్డలూ విప్పాను. విప్పింది నేనే. ఈ చేత్తోనే.

శనివారం నుంచి నాకు చలిజ్వరం. తొమ్మిది రోజులు మంచం దిగలేదు. 24వ తేదీ, సోమవారం ఉదయం ఎనిమిదింటికి బస్సు దిగి రోడ్డు మీద నుంచే కప్పు చూశాను. ఆరూ తిరుగుతున్నాయి. ఒక్కదానికీ గుడ్డ లేదు. పని అయిపోయిందనుకున్నాను. ఎస్.ఐ. గారూ, మీరు నన్ను ఎన్నిసార్లు అడిగినా ఇదే చెబుతాను. నేను మరిచిపోయానని కూడా అనలేను. గుడ్డ లేదు, అందుకని మూత లేదు. నా కళ్ళకు ఇరవై ఏళ్ళ అలవాటు అది.

పోచమ్మది నల్లగండ్ల. నలభై దాటి ఉంటాయి. ముందు రాళ్ళ క్వారీలో చేసేది, దుమ్ము తిని తిని ఆయాసం పట్టుకుంది. అందుకే ఆ జనరేటరు గదిలో కూర్చోదు. మధ్యాహ్నం అన్నం గిన్నె పట్టుకుని మెట్ల దగ్గర, గాలి తగిలేచోట తింటుంది. వచ్చేపోయేవాళ్ళకు కనబడుతున్నావని వెంకటరమణ గారు రెండుసార్లు తిట్టారు. లోపల తిను, వాన వస్తే షట్టరు దించు, కార్పెట్లు తడిస్తే ఊరుకోను అన్నారు. ఇది నేను చెవులారా విన్నాను.

26వ తేదీ, బుధవారం మధ్యాహ్నం ఒంటిగంటా పదికి జల్లు మొదలైంది. పోచమ్మ గిన్నె కొంగుకింద పెట్టుకుని నా దగ్గరికి వచ్చింది. గోంగూర వాసన వచ్చింది.

"అన్నా, గా అర్రల గాలాడతదా? నాకసలే ఆయాసం."

"పైకి చూడమ్మా. తిరుగుతున్నాయా లేదా?"

ఆమె వానలో తల ఎత్తి, చెయ్యి అడ్డం పెట్టుకుని ఒక్కొక్కటీ లెక్కపెట్టింది.

"ఆరూ తిరుగుతున్నయ్."

"తిరుగుతున్నాయంటే లాగుతున్నట్టే. జనరేటరు వేసినా పొగ నీదాకా రాదు. నేను బిగించినవమ్మా అవి."

"నువ్వు జెప్పినవ్ గదా, ఇగ ఫికర్ లేదు" అని నవ్వి లోపలికి పోయింది. షట్టరు దిగిన చప్పుడు విన్నాను. ఒకటిన్నరకు కరెంటు పోయింది. అయిదు నిమిషాలకు ఆపరేటరు గది బయటున్న మీట నొక్కాడు. జనరేటరు మోత మొదలైంది. ఆమె షట్టరు కొట్టిందో, అరిచిందో, ఆ మోతలో ఎవరికీ వినబడలేదు. నాకూ వినబడలేదు. నేను ముప్పై అడుగుల దూరంలో రేకు కోస్తున్నాను.

రెండూ నలభైకి షట్టరు కింద నుంచి పొగ రావడం చూశాను. పైకి పోవాల్సిన పొగ కిందికి ఎందుకొస్తుంది? అప్పుడు గుర్తొచ్చింది. పద్నాలుగో తేదీ సాయంత్రం మొత్తం ఒక్కసారిగా గుర్తొచ్చింది. షట్టరు ఎత్తండని అరిచి నేను కప్పు మీదికి పరుగెత్తాను. బుట్ట ఆపి మరలు విప్పాలి. అంతసేపు ఆగలేకపోయాను. తిరుగుతున్న రేకుల మధ్య నుంచి కుడిచెయ్యి దూర్చి ఒక మూత, దాని కింది గోనెసంచి పీకాను. వేళ్ళు తెగాయి. పొగ నా మొహానికి కొట్టింది. కింద చూస్తే షట్టరు పక్కన ఆమెను పడుకోబెట్టారు. గిన్నెలో అన్నం సగం ఉంది. దవాఖానాకు తీసుకుపోయేసరికే ప్రాణం లేదన్నారు. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నాను.

పొగ గొట్టం సంగతి, తిట్టిన సంగతి కూడా రాసుకోండి. కానీ వాటితో నా తప్పు తగ్గదు. ఆమె పేరు పక్కన నిర్లక్ష్యం అనే మాట ఉండకూడదు. ఆ ఆడమనిషి అడిగింది. ఆ సైటులో గాలి గురించి అడిగింది ఆమె ఒక్కతే. అడగాల్సినవాణ్ణే అడిగింది.

వెంకటరమణ గారి కాగితంలో ఆ మాట కొట్టేయమని వేడుకున్నాను. ఎవరి కాగితం వాళ్ళదే, దాన్ని దిద్దే అధికారం తనకు లేదని, రెండూ పైకి పంపుతానని ఎస్.ఐ. గారు అన్నారు.

గదికి మీవాళ్ళు సీలు వేశారు, కప్పు కూడా ఎక్కనివ్వడం లేదు కాబట్టి రెండో మూత ఇంకా గొంతులోనే ఉంది. ఇవాళ ఉదయం బస్సులో నుంచి చూశాను. ఆరూ తిరుగుతున్నాయి.

ఇదంతా నాకు చదివి వినిపించారు. నేను చెప్పినట్టే ఉంది, ఇందులో అబద్ధం లేదు. కుడిచేతికి కట్టు ఉన్నందున సంతకానికి బదులు ఎడమ బొటనవేలి ముద్ర వేస్తున్నాను.

గద్దల ఏసురత్నం, ఎడమ బొటనవేలి ముద్ర