అయిదు మార్కులు రావాలె

రెండువేల నాలుగు, ఎండాకాలం. గుండ్లపోచంపల్లిలో మైసయ్య ఇంటి అరుగు మీద ప్రశ్నల కాగితాలు పట్టుకుని సర్వే అమ్మాయి ధరణి కూర్చుంది. ముసలాయన బిడ్డ సుచిత్ర పొద్దటినుంచి ఆమె కోసమే కాచుకుని ఉంది.

"నేను చెప్త రాసుకో అమ్మా. మా అమ్మ సచ్చిపోయి నాలుగు నెల్లాయె. అప్పటిసంది బాపు మనిషి మనిషి లెక్క లేడు..."

"మీరు చెప్పకూడదు సుచిత్రగారూ. తాతగారే చెప్పాలి. రూలు."

"ఆయన నోరిప్పి చెప్తే నిన్నెందుకు పిలిపిస్త?"

"పదిహేను ప్రశ్నలేనండీ. అవును, కాదు, అంతే. అయిదు మార్కులు వస్తే గురువారం బండి వచ్చి తీసుకెళ్తుంది. మనసు డాక్టరు చూస్తారు, మందులు ఊరికే ఇస్తారు."

"రాకపోతే?"

"రాకపోతే బాగున్నట్టే కదా. తాతగారూ, ఈ వారంలో దిగులుగా అనిపించిందా?"

"నాకేం దిగులు బిడ్డా? మంచిగున్న. చాయ తాగినవా?"

"బాపూ! బుక్కెడు తింటలేవు గద!"

"ఎండకాలం ఆకలేడిది? ఊకో. ఎండల వడి వచ్చిన పిల్ల ముంగట ఏడుపు ముచ్చట్లేంది?"

"ఏడుపు వస్తుందా తాతగారూ?"

"రాదు."

"సున్నా."

"అమ్మా, గా సున్నా కొట్టెయ్యి. ఇంటికి ఎవ్వలొచ్చినా గిట్లనే అంటడు. మంచిగున్న అనుడు మా తాన మర్యాద. ఛాతిల మంట, కాళ్ల గుంజుడు, గవి అడుగు. గంటసేపు చెప్తడు."

"మంటకి ఇందులో గడి లేదండీ. అందరికీ ఇవే ప్రశ్నలు. కాలనీలో మావాళ్లకీ, దుండిగల్ దగ్గర తండావాళ్లకీ, మీకూ. అప్పుడే కదా ఎవరికెంత దిగులుందో పోల్చగలం? మొన్న కొంపల్లిలో రాజారావుగారికి పదకొండు వచ్చాయి."

"పదకొండా! ఏం పోయిందట ఆయనకు?"

"ఏం పోలేదు. రిటైరయ్యారు."

"కొలువు పోతే పదకొండు. మా బాపుకు పెండ్లాం పోయె, భూమి పోయె, సున్నానా?"

"నన్నేం చేయమంటారండీ? తాతగారూ, ఇంట్లోంచి బయటికి వెళ్లబుద్ధి కావడం లేదా?"

"ఎందుకు కాదు? పొద్దుగాల్నే గడ్డపార వట్టుకొని పోతున్న."

"సున్నా. ఎవరికీ అక్కర్లేని మనిషినని అనిపిస్తుందా?"

"నా పని నేనే చేసుకుంటున్న గద. ఒకల మీద ఏం భారం?"

"సున్నా. రాబోయే రోజుల గురించి ఏమైనా అనుకుంటున్నారా?"

"అనుకోకేంది? పని ఒడవాలె. ఇంక మూరెడున్నది."

"ఆశ ఉందన్నమాట. చాలా మంచిది."

"బాపూ, ఒక్కదానికన్న అవునను! నీ కాళ్లు మొక్కుత!"

"అవద్దమాడాల్నా?"

మిగతా ప్రశ్నలకూ అలాంటి జవాబులే.

"మొత్తం సున్నా అండీ. మీరు సంతోషించాలి. ఈ ఊళ్లో ఆరుగురిని అడిగితే ఆరుగురికీ సున్నానే. మీ పల్లెలవాళ్లు గట్టివాళ్లని మా సారు మురిసిపోతున్నారు. ఇక్కడ వేలిముద్ర వెయ్యండి తాతగారూ."

"ఆగమ్మా జెర. బాపూ, భూమి అమ్మి ఏడాదాయె. రోజూ యాడ తవ్వుతున్నవ్? ఎవల పని?"

"ఎవ్వలది కాదు. మనదే."

"మనకేడిది భూమి?"

"మీ అమ్మను పెట్టిన జాగ లేదా?"

"గాడ తవ్వుడేంది? బాపూ, గాడ ఏం తవ్వుతున్నవ్?"

"ఒర్లకు. ఆమె పక్కపొంటి. నా ఒక్కని మందమే."

"తాతగారూ... అంటే..."

"ప్లాట్లు జేసి అమ్మేటోళ్లు గాడికెల్లి రోడ్డేస్తరట బిడ్డా. మంగళారం కంకర వడ్తది. కంకర వడ్డంక నన్ను ఆమె పక్కన పండవెట్టనిత్తరా? గందుకే సోమారం లోపల్నే పోవాలె. ముద్ర యాడ వెయ్యమన్నవమ్మా?"